తీసివెయ్యి, తీసి వెయ్యి

ఇన్నయ్య ఇంకా పిలవలేదు. లోపలి తలుపు తెర కదిలినప్పుడల్లా చెన్నకేశవులు గుండె జారి కిందికి పోతోంది, ఏమీ లేదని తెలిసి మళ్ళీ పైకి వస్తోంది, పొద్దుటి నుంచి ఇలా జారీ జారీ దానికే విసుగు పుట్టి ఉంటుంది. అటెండరు ఇన్నయ్యకి జనాన్ని బల్ల మీద కూర్చోబెట్టి ఉడికించడం అదో సరదా. ఉడకడానికి ఇన్నయ్య సాయం కూడా అక్కర్లేదు, మాచర్లలో మార్చి వెళ్ళకముందే నాపరాళ్ళు కాలతాయి, ఈ ముంపు ఆఫీసు వరండా అంతా నాపరాళ్ళే. ఆ రాళ్ళ మీదే స్తంభాన్ని ఆనుకుని, కాళ్ళు చీర కిందికి ముడుచుకుని కృపమ్మ కూర్చుంది. బల్ల మీద ఇంకో ఇద్దరికి చోటుంది. కూర్చోమని అతను అనలేదు. అన్నా ఆమె కూర్చోదు, కూర్చోదని తెలుసు కాబట్టి అననక్కర్లేదు, ఈ లెక్క ఇన్నేళ్ళూ బాగానే సరిపోయింది, ఇవాళే ఎందుకో ఆ ఖాళీ చోటు పక్కన కూర్చోలేక అతను బల్ల చివరికి జరిగాడు, ఇంకా జరిగితే పడతాడు. ఆమె చేసిందని ఏ తప్పుకి పిలిపించారో ఆ తప్పు ఆమె చెయ్యలేదు. ఆ సంగతి ఈ లోకంలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బల్ల మీద ఉన్నాడు.

చొక్కా ఇస్త్రీ ఎందుకు చేయించానా అని ఇప్పుడు సిగ్గుగా ఉంది. తప్పు చేసినవాడు నలిగిన చొక్కాతో వస్తాడు, చెయ్యనివాడు మామూలుగా వస్తాడు, ఇస్త్రీ చొక్కాతో వచ్చేవాడు ఎవడు? పుల్లారావుగారు మెచ్చుకుంటే బాగుండునని వచ్చేవాడు. అవును, ఆయన మెచ్చుకోవడం అలవాటైపోయింది. ఆనకట్ట నీళ్ళకింద పోయే ఊళ్ళ జనానికి కొత్త కాలనీల్లో ఇళ్ళ స్థలాలు చూపించే ఆఫీసు ఇది, పుల్లారావుగారు దానికి పెద్ద, కార్డుల మిషనుకి చెన్నకేశవులు ఆపరేటరు. అట్టంత మందాన కార్డులు, ఒక్కో కుటుంబానికి ఒక్కో కార్డు, దాని మీద అక్షరాలుండవు, చిల్లులుంటాయి. ఇంటిపెద్ద ఎవరు, ఇంట్లో ఎందరు, ఏ ఊరు, కొత్తచోట ఎవరి పక్కన ఎవరుండాలి, అంతా చిల్లుల్లోనే. కార్డుల కట్ట మిషన్లో వేస్తే ఊరివారీగా అదే విడదీస్తుంది, ఇంకోవైపు చిల్లుల్లేని తెల్ల కార్డులు పెడితే చిల్లుకి చిల్లు కొట్టి నకలు కట్ట తయారుచేస్తుంది. ఊరంతా దాన్ని చూడటానికి వచ్చేవాళ్ళు. చూసి, ఇంతేనా అని వెళ్ళేవాళ్ళు. చెన్నకేశవులు మాత్రం మొదటిరోజే దానికి దాసుడైపోయాడు, చెప్పింది చెప్పినట్టు చేసి మాట్లాడకుండా ఉండేది జన్మలో అదొక్కటే దొరికింది మరి.

ఒకే పని రెండోసారి చెయ్యమంటే అతనికి చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. చెల్లెల్ని ఊపమంటే ఉయ్యాలకి తాడు కట్టి, ఆ తాడు కాలి బొటనవేలికి తగిలించుకుని తను పడుకునేవాడు, వీడు పనిచెయ్యడు, పని జరిగే ఏర్పాటు చేస్తాడు అని వాళ్ళమ్మ రాఘవమ్మ వాళ్ళ ఊరు మాచవరమంతా చెప్పుకు తిరిగింది, తిట్టిందో పొగిడిందో ఆమెకే తెలియదు. మిషన్ రూములో ఆ తాడే బోర్డయింది. ఒక పాత నల్లబల్ల గోడకి ఆనించి సుద్దముక్కతో రాసేవాడు. పొద్దుటి పని: కిటికీ తెరువు. దుమ్ము తుడువు. కరెంటు చూడు. ఉంటే ఎర్ర మీట నొక్కు. లేకపోతే ఊరుకో. కింద మధ్యాహ్నం పని, దాని కింద సాయంత్రం పని. గది ఊడవడానికి పెట్టిన కృపమ్మ మూడో తరగతి దాకా మిషనరీ స్కూల్లో చదివిందని తెలిసినరోజు అతనికి పండగే. ఆమె వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివి ఒక్కొక్క పనే చేసేది, ఒకటి దాటించేది కాదు, ఒకటి కలిపేది కాదు. ఒకరోజు కరెంటు పోయింది, పుల్లారావుగారి కింది సూపర్నెంటు వచ్చి చూస్తే ఆమె చేతులు కట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చుంది. ఏందే ఇది, కాస్త బీరువాలన్నా తుడవకూడదూ అని ఆయన కేకలేస్తే, బోర్డు మీద ఊరుకో అని ఉందయ్యా అంది. ఆఫీసంతా వారంరోజులు నవ్వుకుంది. చెన్నకేశవులు కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా నవ్వాడు. మనిషిని మిషను చేశావయ్యా, భేష్ అన్నారు పుల్లారావుగారు. ఆ మాట అప్పుడు మెడలో దండ వేసినట్టు తియ్యగా ఉంది, ఇప్పుడు గుర్తొస్తే ఆ దండ తీసి ఎక్కడ పారెయ్యాలో తెలియడంలేదు.

కృపమ్మ కొంగు తీసి మెడ తుడుచుకుంది. ఇటు చూస్తుందేమోనని అతను పైకప్పు చూశాడు. పైకప్పులో చూడటానికి ఏముంది, బూజు ఉంది, ఆ బూజు దులపమని ఏ బోర్డు మీదా రాయలేదు కాబట్టి ఉంది. పోయిన శనివారం కూడా ఇలాంటిదే ఎండ. ఒక్క కట్టే ఉంది, ఎలకలు కొడితే గతేంటి, వాన కారితే గతేంటి, సోమవారానికల్లా నకలు తీసి పెట్టు అని పుల్లారావుగారు ఎప్పటినుంచో అంటున్నారు. తీస్తానండి అని ఎప్పటినుంచో ఇతనూ అంటున్నాడు. శనివారం నాటికి ఇక తియ్యక తప్పదు, సాయంత్రం నరసరావుపేటలో నాటకం ఉంది, అందులో ఇతను తెర వెనక నుంచి మాటలందించాలి, బస్సు తప్పితే పాత్రధారుల పరువు పోతుంది. ఎవరి పరువు! సుద్దముక్క తీసి బోర్డు కింది అంచున, చోటు చాలక అక్షరాలు ఇరికించి గబగబా రాశాడు. శనివారం పని: బీరువా తెరువు. పాత కట్ట తీసివెయ్యి. కొత్త కట్టలు మిషన్లో పెట్టు. పచ్చ మీట నొక్కు. ఆగాక రెండు కట్టలూ బీరువాలో పెట్టు. మనసులో అనుకున్నది తీసి, వెయ్యి. బీరువాలోంచి తీసి, మిషను కుడి అరలో వెయ్యి. కొత్త కట్ట అనవలసింది తొందరలో కట్టలు అన్నాడు, ఏ అరలో అనేది కూడా రాయలేదు, రోజూ చూస్తూనే ఉందిగా, అంతమాత్రం తెలియదా అనుకున్నాడు. బోర్డు మీద ఉన్నది మాత్రమే చెయ్యడం ఆమెకి నేర్పింది తనేనన్నది ఆ క్షణాన గుర్తు రాలేదు, బస్సు హారను మాత్రం బాగా వినపడింది.

ఆమె చదివింది. తీసివెయ్యి. తీసెయ్యమన్నాడు, తీసేసింది. చిల్లులు తప్పుపడ్డ కార్డులు, పనికిరానివి, తీసేసినవి ఎక్కడికి పోతాయో ఆఫీసులో అందరికీ తెలుసు, పక్కనున్న టీకొట్టు పొయ్యిలోకి. మంచి అట్ట, బాగా మండుతుంది. ఆ పూట టీ ఆఫీసులో అందరూ తాగారు, పుల్లారావుగారు రెండు కప్పులు తాగారట. ఏటి ఒడ్డున ఇల్లూ వాకిలీ వదిలి, రేకుల షెడ్లలో పడి ఉన్న ఊళ్ళకి ఊళ్ళు ఆ టీ కింద కాలిపోయాయి. తరవాత ఆమె తెల్ల కార్డుల కట్ట ఒకటి ఈ అరలో, ఒకటి ఆ అరలో పెట్టి పచ్చ మీట నొక్కింది. మిషను ఏమనుకుంది? ఏమీ అనుకోలేదు. ఏమీ లేనిదానికి ఏమీ లేని నకలు ఎంతో శ్రద్ధగా తీసింది, ఒక్క కార్డు చింపలేదు, ఒక్క కార్డు ఇరుక్కోలేదు. ఆగాక ఆమె రెండు కట్టలకీ దారం కట్టి బీరువాలో పెట్టి తాళం వేసి, తలుపు రెండుసార్లు లాగి చూసి ఇంటికి వెళ్ళింది. అదే సాయంత్రం నరసరావుపేటలో రాజు వేషగాడు పద్యంలో ఒక మాటని విరవకూడని చోట విరిచాడు, అర్థం తలకిందులైంది, తెర వెనక చెన్నకేశవులు పొట్ట పట్టుకుని నవ్వాడు. మాటెక్కడ విరవాలో తెలియనివాడికి కిరీటమెందుకురా అని నలుగురికీ చెప్పి నవ్వించాడు.

సోమవారం బీరువా తీసి కట్ట విప్పాడు. తెల్లగా ఉంది. రెండోది విప్పాడు. తెల్లగా ఉంది. వెలుతురుకి పట్టి చూశాడు, ఎక్కడా చుక్కంత వెలుతురు రాలేదు. తల తిప్పి బోర్డు చూశాడు, తన అక్షరాలే, తన చేతి ఒంపులే, తీసివెయ్యి అని అంటుకుపోయి కనిపించింది, ఒక్కసారిగా అంతా అర్థమైంది. అక్కడి వరకూ జరిగింది పొరపాటు. పొరపాటు ఎవరైనా చేస్తారు, తల వంచుకుని నిలబడి చివాట్లు తింటారు. ఆ తరవాత జరిగింది పొరపాటు కాదు, దాన్ని ఆ పేరుతో పిలవడానికి ఈ మూడు రోజుల నుంచీ ఎంత ప్రయత్నించినా నోరు రావడంలేదు. కృపమ్మ నీళ్ళకి వెళ్ళింది, వరండాలో ఎవరూ లేరు, గుడ్డ చేతిలోనే ఉంది. ఆ ఒక్క వరసా తుడిచాడు. మళ్ళీ రాశాడు. తీసి, అని రాసి, రెండు వేళ్ళు పెట్టి చోటు కొలిచి మరీ, వెయ్యి, అని రాశాడు. చెయ్యి వణకలేదు. అదే అన్నిటికంటే సిగ్గుచేటు, చెయ్యి కొంచెమన్నా వణికి ఉంటే ఇవాళ తనని తాను కాస్త ఓర్చుకోగలిగేవాడు.

ఆమె బిందె దించి వచ్చి బోర్డు ముందు నిలబడి వేలు పెట్టి చదువుకుంది. తీసి. వెయ్యి. మళ్ళీ చదివింది. వెనక్కి జరిగి చదివింది, దగ్గరికొచ్చి చదివింది. అతను ఆమె వెనకే ఉన్నాడు. అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఆమె తిరిగి చూసి, నా కళ్ళు పాడుగాను, కలిపి చదివా బాబూ, ఎంత పనిచేశా అని నెత్తి కొట్టుకుంది. అతను ఏమన్నాడు? సరేలే, ఏడవకు అన్నాడు. ఎంత దయ! ఆ సరేలే అన్న మాట వెనక్కి మింగాలని అప్పట్నుంచీ చూస్తున్నాడు. నిన్న ఆమె ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆమేనట, చదువొచ్చిన ఆడమనిషి ఆ షెడ్లలో ఆమె ఒక్కతేనట, ఇక చదవనని పాస్టరయ్యకి చెప్పేసిందట, దేవుడి మాట కూడా ఇట్టాగే తప్పు చదివి జనాన్ని ముంచుతున్నానేమో ఎవరు చూశారు బాబూ అంది. షెడ్లు అన్నప్పుడు గుర్తొచ్చింది, ఆమె కార్డు కూడా ఆ కట్టలోనే ఉంది. ఆమె, మొగుడు శౌరి, పిల్లలు, అందరూ కలిసి ఒక కార్డు. కుటుంబాల వివరాలు రాసిన అసలు కాగితాలు గుంటూరు ఆఫీసుకి పోయాయి, అవి తెప్పించి మళ్ళీ చిల్లులు కొట్టేసరికి వానాకాలం దాటుతుంది, అందాకా ఆ రేకుల కిందే వాళ్ళ కాపురం. ఆ లెక్క అతనికి తట్టింది గానీ ఆమె ఒక్కసారన్నా ఎత్తలేదు, తన ఇల్లు పోయిందని కాదు ఏడుస్తున్నది, బాబు పని పాడుచేశానని.

"బాబూ."

ఉలిక్కిపడ్డాడు. ఆమె స్తంభం దగ్గర నుంచే, లోపలికి వినపడకుండా పిలుస్తోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "పెద్దయ్య అడిగితే ఏం చెప్పాలో నాకు తెలవడంలా. పెద్దోళ్ళ ముందు నా నోరు తిరగదు. నువ్వెట్టా చెప్పమంటే అట్టా చెప్తా, చెప్పు."

ఇంకో బోర్డు అడుగుతోంది! వరసగా చెబితే వరసగా చేస్తుంది, ఒకటి దాటించదు, ఒకటి కలపదు. ఇప్పుడైనా చెప్పవచ్చు, కృపమ్మా నువ్వు చదివింది సరిగ్గానే చదివావు, ఆ చోటు నేను తరవాత పెట్టాను అని, ఎంతసేపు పడుతుంది, గుక్కెడు నీళ్ళు తాగేంతసేపు. నోరు తెరిచాడు. లోపలి నుంచి ఇన్నయ్య, కృపమ్మా రా అని కేకేశాడు. తెరిచిన నోట్లోంచి రావలసిన మాట రాలేదు, తెర వెనక అందించి అందించి అలవాటైన గొంతు ఎదుటివాళ్ళ మాట అందించింది.

"తప్పు నాదే అని చెప్పు," అన్నాడు. "ఇంకేం చెప్పొద్దు. అంతే చెప్పు."

ఆమె అతని ముఖంలోకి చూసింది, ఎన్నడూ అలా సూటిగా చూసి ఎరగదు. కళ్ళు నిండిపోయాయి. రెండు చేతులూ జోడించి, తల అతని మోకాళ్ళ దాకా వంచి దండం పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. ఎందుకంత దండం? మాట అందించినందుకా? ఈ మాత్రానికే దండం పెట్టే మనిషి మీద అంత బరువు ఎలా మోపావురా, నువ్వు మనిషివేనా? లేదు, క్షమిస్తారులే, ఒప్పుకున్నవాళ్ళని పుల్లారావుగారు క్షమిస్తారు, చివాట్లు పెట్టి వదిలేస్తారు, తరవాత ఆమెకి ఏదో ఒకటి చేద్దాం, కళ్ళజోడు కొనిపెడదాం. కళ్ళజోడు! బాగున్న కళ్ళకి కళ్ళజోడు కొనిపెట్టి ఆమెచేత ఇంకో దండం పెట్టించుకుంటావన్నమాట. తనమీద తనకి ఎంత రోత పుట్టిందంటే లేచి ఆఫీసు మెట్లు దిగి అలాగే నడుచుకుంటూ మాచవరం పోదామా అనిపించింది. లేవలేదు. కిటికీలోంచి ఆమె ఏడుపు వినపడుతోంది గానీ మాటలు తెలియడంలేదు, పుల్లారావుగారి గొంతు మధ్యలో ఒకసారి పెద్దదై తరవాత ఎందుకో మెత్తబడింది. ఆమె బయటికొచ్చి, అతని వైపు చూసి, ఏడుపులోనే చిన్నగా నవ్వి, మెట్లు దిగి గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడింది. ఇన్నయ్య ఇతన్ని పిలిచాడు.

గదిలో బోర్డు కుర్చీకి ఆనించి ఉంది, సాక్ష్యానికి తెప్పించారు. "కూర్చోవయ్యా," అన్నారు పుల్లారావుగారు. ఆయన ముఖం కోపంగా లేదు, అది ఇంకా భయం వేసింది. "నీకంత మంచితనం పనికిరాదు. ఆమె వచ్చి ఏమందో తెలుసా? తప్పు ఆయనదేనంట అయ్యా, అట్టా చెప్పమన్నాడు అంది. చేసింది నేను, నా తప్పు బాబు నెత్తినేసుకుంటన్నాడు, ఆయన్నేం చెయ్యొద్దు, నన్నే తీసెయ్యండి అని ఒకటే ఏడుపు."

తప్పు నాదే అని చెప్పు. తను ఏమన్నాడు, ఆమె ఏం విన్నది! నాదే అంటే ఎవరిది? నా తప్పు అని ఆమెని అనమన్నాడు తను, తప్పు అతనిదేనని చెప్పమంటున్నాడు అనుకుంది ఆమె. మంచివాడు నోరు తెరిచి అంటే ఆ మాటకి ఒకటే అర్థం, ఆమె అతన్ని మంచివాడనుకుంది, ఆ దండం అందుకు. ఆమె మళ్ళీ సరిగ్గానే విన్నది, చెప్పినవాడే సరైనవాడు కాదు.

"అడిగింది కదా అని తీసేశాను," అన్నారాయన. "రేపటి నుంచి రావద్దన్నా. ఏం చేస్తాం, పైవాళ్ళకి ఎవరినో ఒకరిని చూపించాలి."

"తప్పు నిజంగా నాదేనండి," అన్నాడు చెన్నకేశవులు.

ఆయన నవ్వారు. "చాల్లేవయ్యా. ఇదుగో, ఇంత చోటు వదిలి రాశావు, గుడ్డివాడు తడిమినా తెలుస్తుంది. ఇంకా నీదేంది తప్పు?"

నిజం చెబితే మెచ్చుకుంటున్నారు. ఇంకోసారి చెబితే ఇంకా మెచ్చుకుంటారు, ఇలా చెప్పుకుంటూ పోతే సన్మానం చేస్తారు. ఎంత హాయి, నిజం చెప్పినట్టూ ఉంటుంది, ఉద్యోగమూ ఉంటుంది, ఇంటికెళ్ళి నేను చెప్పానుగా అనుకోవచ్చు. ఆ హాయి ఒక్క క్షణం నిజంగానే అతని ఒళ్ళంతా పాకింది, దాన్ని గుర్తుపట్టి బోర్డు వైపు చూశాడు. తీసి అన్న మాటకీ వెయ్యి అన్న మాటకీ మధ్య నల్లగా, రెండు వేళ్ళ మేర, గుడ్డ పెట్టి రుద్దిన మరక ఇంకా కనపడుతోంది. ఎవరూ చూడలేదు, చూడాలనుకోలేదు గనక.

"ఆ చోటు శనివారం లేదండి," అన్నాడు. "సోమవారం పెట్టాను. కార్డులు తెల్లగా ఉన్నాయని చూశాక, తుడిచి, మళ్ళీ రాశాను. ఆమె ఉన్నది ఉన్నట్టే చదివింది."

పుల్లారావుగారు లేచి బోర్డు దగ్గరికెళ్ళి ఆ మరక మీద వేలు రాసి, వేలు చూసుకుని, జేబురుమాలుకి తుడుచుకున్నారు. ఇతన్ని తిట్టలేదు. తిట్టదగ్గ మనిషిగా కూడా చూడటంలేదు.

"నీ సంగతి తరవాత," అన్నారు. "ముందు బయటికి పోయి ఆమెకి చెప్పు. నేను చెప్పను, నువ్వే చెప్పు."

వరండా, మెట్లు, ఎండ. ఆమె గేటు దగ్గర అలాగే నిలబడి ఉంది, ఇతను రావడం చూసి కొంగు సర్దుకుంది, ఏమన్నారు బాబూ, నిన్నేం అన్లేదు గదా అని ఆత్రంగా అడిగింది. అతను చెప్పాడు. తల ఎత్తకుండా, ఆమె పాదాలు చూస్తూ, శనివారం సంగతి, సోమవారం సంగతి, గుడ్డ సంగతి, ఇందాక బల్ల మీద నుంచి అన్నమాటకి తను అనుకున్న అర్థం, అన్నీ వరసగా చెప్పాడు, ఒకటి దాటించలేదు. చెప్పాక ఆమె తిడుతుందని చూశాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె ఏడుపు ఆగిపోయింది. అతన్నే చూసింది, కోపంగా కూడా కాదు, అర్థంకాని మాట కూడబలుక్కునేటప్పుడు చూసినట్టు చూసింది.

"మరి ఇందాక నేను దండం పెడుతుంటే ఎట్టా పెట్టించుకున్నావు బాబూ?" అంది.